ఎనిమిది దేశాల అప్పగింత

మీలో ఎవరైనా ఒక్కరే యూరప్ టూర్‌కు పోదామనుకుంటే ముందు మీ అన్నను గదిలో పెట్టి తాళం వేసి పోండి. విమానాశ్రయం దాకా మాత్రం రానివ్వకండి. నేను రానిచ్చాను. పదహారు రోజులు, ఎనిమిది దేశాలు, ఆ తప్పుకు శిక్ష అనుభవించాను.

పోయిన ఎండాకాలం సంగతి. అప్పటికి నేను రిటైరై రెండేళ్లయింది. ఆసుపత్రిలో, ప్రసూతి వార్డులో ముప్పై ఒక్క ఏళ్లు ఆయా పని చేశాను. బొంబాయిలో ఆయాను మావ్‌శీ అంటారు. మరాఠీలో పిన్ని అని అర్థం. పిలుపు పిన్నిది, పని మలమూత్రాలు ఎత్తేది. నా పేరు పెంటమ్మ అని ఆ వార్డులో జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ తెలియదు.

కామాటిపుర పదకొండో గల్లీలో, వరసగా ఒంటిగదులుండే చాల్‌లో, రెండో అంతస్తులో మా గది. మా అన్న శంకర్రావు, వదినె రాములమ్మ, నేను. పిల్లలు పెళ్లిళ్లయి కల్యాణ్ వైపు పోయారు. ఒక సాయంత్రం గదుల ముందు వరండాలో వదినె బియ్యం చెరుగుతోంది, అన్న మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. అప్పుడు చెప్పాను.

"మే నెల ఏడో తారీఖు యూరప్ పోతున్న."

అన్న చెయ్యి మోకాలి మీద ఆగిపోయింది. "ఎవలతోని?"

"ఎవలతోని లేదు. ఒక్కదాన్నే."

"ఒక్కదానివా?"

"ఒక్కదాన్నంటే గుంపుల పోవుడే. నలభై రెండు మంది. కంపెనీవాళ్లే తోల్కపోతరు, వాళ్లే తోల్కొస్తరు. అన్నం గూడ మనదే పెడ్తరంట."

"ఆ నలభై రెండు మందిల మనోళ్లెందరు?"

"ఒక్కరు గూడ లేరు. గందుకే పోతున్న."

వదినె చాట పక్కన పెట్టింది. "తిరుపతి పోరాదు? కాశీ పోరాదు? మేం గూడ వస్తుంటిమి. గా దేశాలల్ల ఏ దేవుడున్నడని?"

"ఏ దేవుడు లేడనే పోతున్న వదినె. ఇంక మొక్కులు మొయ్య నాతోని గాదు."

అన్న ఆ పూట అన్నం తినలేదు. మరునాటి నుంచి చాల్‌లో కనబడ్డ ప్రతివాడూ నన్ను ఆపి అడగడమే. ఒక్కదానివే ఎట్ల పోతవ్, అక్కడ నీకు పాణం బాగలేకపోతే, అక్కడ తప్పిపోతే, అక్కడ చచ్చిపోతే! మా చాల్‌లో ఎవరూ ఎక్కడికీ ఒక్కరే పోరు. షిర్డీకి పోయినా బస్సు నిండా పోతారు. ఆడది ఒక్కతే ఊరికి పోవాల్సి వస్తే దాన్ని ఎవరికైనా అప్పజెప్పి పంపుతారు.

ఈ అప్పజెప్పడం గురించి చెప్పాలి. నేను ఊరికి పోయేటప్పుడల్లా దాదర్ స్టేషన్‌లో అన్న రైలు పెట్టె మొత్తం తిరిగేవాడు. పిల్లాపాపలతో ఉన్న ఒక కుటుంబాన్ని ఎంచుకునేవాడు. ఒక డజను అరటిపళ్లు వాళ్ల చేతిలో పెట్టి, "మా చెల్లె, జర సూస్కోండ్రి" అనేవాడు. వాళ్లు అరటిపళ్లు తిని, రాయచూరు దాకా వాళ్ల చంటిపిల్లను నా ఒళ్లో వేసేవాళ్లు. ఒకసారి కాదు, ప్రతిసారీ ఇంతే. నాకు నలభై ఏళ్లు వచ్చినా అంతే, యాభై దాటినా అంతే.

నాకు కావలసింది ఒక్కటే. పదహారు రోజులు ఎవరి పనీ నా చేతుల మీద ఉండకూడదు. ఎవరూ నన్ను లేపకూడదు, నేను ఎవరినీ లేపకూడదు. ఇంకా ఏమైనా చూస్తే మంచు కొండ ఒక్కటి చూడాలి. పైకెక్కి, మంచు మీద నిలబడి, చేతులు ఊరికే జేబులో పెట్టుకోవాలి. అందుకోసమని రెండు పెద్ద జేబులున్న కోటు కూడా కొనుక్కున్నాను.

బయలుదేరే రోజు అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని టాక్సీలో నా పక్కన కూర్చున్నాడు. విమానాశ్రయం గేటు బయటే మా గుంపు కూడింది. బంటీ అని టూర్ మేనేజరు, ముప్పై ఏళ్లుండవు, పసుపు టోపీలు పంచుతున్నాడు. నేను టోపీ తీసుకుని వెనక్కి తిరిగితే అన్న లేడు.

చూస్తే అక్కడ, స్తంభం దగ్గర, ఒక కుటుంబం ముందు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. మొగుడూ పెళ్లామూ, ఇద్దరు పిల్లలు, చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ. అన్న మరాఠీలో ఏదో చెబుతున్నాడు. వాళ్లు నా వైపు చూసి తలలూపారు. ఆయన చేతిలో అరటిపళ్లు లేవు. ఈసారికి ఉత్త దండంతో సరిపెట్టాడులే అనుకున్నాను.

ముఖం వెలిగిపోతూ తిరిగొచ్చాడు. "అప్పజెప్పిన. డోంబివ్లీ వాళ్లు. మంగేష్ అంట ఆయన పేరు. శానా మంచోళ్లు."

"నేనేమన్న పార్సిలానన్నా? అరవై ఏండ్లొచ్చినయ్ నాకు!"

"అరవైయ్యొస్తే? ఆడమనిషివి గాకపోతివా?"

అక్కడే కడిగేద్దును. కానీ ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. గేటు దగ్గర పోలీసు నా పాస్‌పోర్టు చూస్తున్నంతసేపూ అన్న చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఏం చేస్తాం, లోపలికి పోయాను.

పారిస్‌లో దిగి బస్సెక్కగానే బంటీ లెక్క మొదలుపెట్టాడు. ఒక్కొక్కళ్లను కాదు, కుటుంబాల లెక్కన. "మంగేష్ సార్ ఫ్యామిలీ, ఆరుగురు?" మంగేష్ వెనక్కి తిరిగి చూసి, "ఆరుగురమూ ఉన్నాం" అన్నాడు. వాళ్లు ఐదుగురు. ఆరోదాన్ని నేను.

"నేను ఒంటరిగా బుక్ చేసుకున్నా బాబూ, నన్ను వేరే లెక్క పెట్టు" అని బంటీకి చెప్పాను. "ఎట్లయినా ఒకటే మావ్‌శీ, ఇట్లయితే లెక్క సులువుగా ఉంటుంది" అని నవ్వాడు. వాడి నోట కూడా మావ్‌శీయే. ఎవరు చెప్పారో!

కంపెనీ నాకు ప్రాజక్త అనే పుణె పిల్లతో కలిపి గది ఇచ్చింది. కంప్యూటర్ ఉద్యోగం, ఆ పిల్లా ఒంటరిగానే వచ్చింది. పెట్టె తెరిచి చీర మడత విప్పానో లేదో తలుపు చప్పుడైంది. మంగేష్ భార్య సీమా.

"మావ్‌శీ, ఆజీకి రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేవాలి. పిల్లల నిద్ర పాడవుతుంది. ఆజీని మీ గదిలో ఉంచుతాం, ఈ అమ్మాయికి మా పక్క గది ఇప్పిస్తాం. మీకు అలవాటే కదా."

ఎంత మర్యాదగా అడిగిందంటే, అది అడగడం కాదని అర్థమయ్యేలోపల చక్రాల కుర్చీ లోపలికి వచ్చేసింది. ప్రాజక్త నా వైపు జాలిగా చూసి పెట్టె లాక్కుంటూ పోయింది.

ఆజీ అంటే నానమ్మ. ఎనభై రెండేళ్లు. మంచి మనిషేం కాదు. టీ నీళ్లలా ఉందంటుంది, దుప్పటి గుచ్చుకుంటుందంటుంది, నా చీర వాసన వస్తుందంటుంది. మరుపు కూడా ఉంది. ఒకసారి నన్ను కోడలనుకుని తిట్టేది, ఒకసారి చెల్లెలనుకుని చెయ్యి పట్టుకునేది. మొదటి రాత్రి నాలుగుసార్లు లేపింది.

పొద్దున ఆరుకు లేవడం, ఏడుకు టిఫిను, ఎనిమిదికి బస్సు. ఆరు, ఏడు, ఎనిమిది అని బంటీ పాటలా పాడేవాడు. ఆజీకి స్నానం చేయించి, కట్టుడు పళ్లు పెట్టి, జడ వేసి ఎనిమిదికి బస్సెక్కించాలంటే నేను నాలుగున్నరకు లేవాలి. డ్యూటీకి పోయినన్నాళ్లు కూడా అయిదింటికి ముందు లేచినదాన్ని కాదు నేను!

ఐఫిల్ టవరు దగ్గర పైకి పోవడానికి పొడుగు వరస. ఆజీ అంతసేపు కూర్చోలేదు. సీమా నా భుజం మీద చెయ్యి వేసి, "మావ్‌శీ, మీరు కింద..." అని మాట సగంలో వదిలేసింది. మిగతా సగం నేను పూర్తి చేసుకోవాలన్నమాట. ఐఫిల్ టవరు కింద ఆడవాళ్ల మరుగుదొడ్డి ఎట్లుంటుందో నన్నడగండి, చెబుతాను. టవరు పైన ఏముందో మాత్రం అడగకండి.

హాలండ్‌లో పూలతోట. ఎక్కడ చూసినా పూలే అని అందరూ అరుస్తున్నారు. నేను చక్రాలు చూస్తున్నాను, ఎక్కడ గుంతలో పడతాయో అని. ప్రాజక్త పక్కన వచ్చి నడిచింది.

"మావ్‌శీ, మీరు వాళ్ల చుట్టాలా?"

"కాదు."

"వాళ్ల దగ్గర పని చేస్తారా?"

"కాదు!"

"మరి?"

మరి ఏం చెప్పను? మా అన్న అప్పజెప్పాడని ఆ పిల్లకు ఏ భాషలో చెబితే అర్థమవుతుంది? దాన్ని ఎవరూ ఎవరికీ అప్పజెప్పలేదు. వాళ్ల నాన్న ఫోన్‌లో, "ఎంజాయ్ కర్" అని పెట్టేశాడట.

"నాకు చేతకాదు అని చెప్పేయండి మావ్‌శీ. అంతే కదా."

"చెప్తా. రేపు చెప్తా."

నా నోరు చిన్నదేం కాదు. వార్డులో పెద్ద డాక్టర్లతో కొట్లాడినదాన్ని. కానీ నా కర్మ, నోటి కన్నా ముందు చేతులు పోతాయి. ఆజీ కొంగు లాగితే నాకు తెలియకుండానే లేస్తాను. మొహమాటానికి పోతే కడుపైందని మా ప్రసూతి వార్డులో ఆడవాళ్లం రోజూ నవ్వుకునేవాళ్లం. అరవై ఏళ్లకు ఆ సామెత నామీదికే వచ్చింది. మంగేష్ సీమాల మీద మండిపోయేది. ఇంత చదువుకున్నవాళ్లు, కొంచెం కూడా సిగ్గు లేదా, ముక్కూ మొహం తెలియని మనిషి చేత ముసలమ్మ డైపర్లు మార్పిస్తారా అని లోపల్లోపల బూతులు తిట్టేదాన్ని. పైకి, "ఉండండి, నేను చూస్తా" అనేదాన్ని. థూ, నా బతుకు!

అట్లా బెల్జియం పోయింది, జర్మనీ పోయింది. అన్న రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసేవాడు. మొదటి మాట, "తిన్నవా?" రెండో మాట, "ఆళ్లు మంచిగ సూస్కుంటున్నరా?" నేను పళ్లు కొరుక్కుంటూ, "సూస్కుంటున్నరు" అనేదాన్ని. వెనకనుంచి ఆజీ మావ్‌శీ అని అరుస్తుంటే ఫోన్ పెట్టేసేదాన్ని.

తొమ్మిదో రోజు స్విట్జర్లాండ్. మంచు కొండ. ఆ రోజు కోసం కోటు పెట్టె అడుగున దాచి ఉంచాను. పొద్దున తీసి వేసుకున్నాను. అద్దంలో చూసుకుంటే పెంటమ్మేనా అనిపించింది. జేబుల్లో చేతులు పెట్టి చూసుకున్నాను కూడా. ఈ రోజు చెప్పేస్తా, ఏదైతే అదయింది అనుకున్నాను.

కొండ కింద తీగల మీద పోయే డబ్బా లాంటి బండి. నాలుగో డబ్బా మా గుంపుది. బంటీ చేతిలో టికెట్ల కట్ట. "మంగేష్ సార్ ఫ్యామిలీ, నాలుగు" అని నాలుగు తీసి ఇచ్చాడు.

"నాది?" అన్నాను.

"మావ్‌శీ, ఎత్తు ఎక్కువ, ఆజీకి పైన ఊపిరాడదు. మీరు ఆజీతో కింద ఉంటారని సీమా మేడం చెప్పారు కదా. ఇక్కడ మంచి కాఫీ హోటల్ ఉంది."

నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా సీమా దగ్గరికి పోయాను. వరసలో అందరూ వింటున్నారని కూడా చూసుకోలేదు.

"నేను కింద ఉంటానని నీకెవరు చెప్పారు? ఇన్ని రోజుల నుంచి చూస్తున్నా. నేనేమైనా మీ ఇంట్లో జీతానికున్నానా? ఎవరు చెప్పారు నీకు?"

సీమా కోప్పడలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆ ముఖం చూస్తేనే నాకు ఏదో తేడా ఉందని తోచింది.

"మీ అన్నగారే కదా మావ్‌శీ! ఎయిర్‌పోర్టులో వచ్చి, 'మీ అమ్మగారిని మా చెల్లెలు చూసుకుంటుంది, ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు చేసిన చెయ్యి, మీకే దిగులూ వద్దు, మీరు మాత్రం దాన్ని ఒంటరిగా వదలకండి' అన్నారు. మేమసలు అడగనే లేదు. నేనూ మంగేష్ ఒకరోజు ఒకరం ఆజీ దగ్గర ఉండాలని వంతులు వేసుకుని వచ్చాం. మీరు చూస్తారన్నారని..." అని ఆగింది. "మీకు తెలియదా?"



అదే సమయానికి ఆజీ నా కోటు అంచు పట్టి లాగింది. మరుగుదొడ్డికి పోవాలట. మంగేష్, "నేను ఉంటా మావ్‌శీ, మీరు పోండి" అన్నాడు. సీమా కూడా పిల్లల్ని వదిలి ముందుకొచ్చింది. అన్నారు, అనలేదని అనను. కానీ ఆజీకి ఆగదు. మంగేష్ ఆడవాళ్ల మరుగుదొడ్డిలోకి రాలేడు. సీమాకు ఆజీని ఎత్తి పట్టుకునే విధానం తెలియదు, ఇద్దరూ పడతారు. ఇవన్నీ ఆలోచించానని కాదు. నేను ఆలోచించేలోపల నా చేతులు కుర్చీ తిప్పేశాయి.

తిరిగొచ్చేసరికి డబ్బా పైకి పోయింది. బంటీ చేతులు పిసుక్కుంటూ, మళ్లీ మా గుంపుకు టైము లేదన్నాడు. నేను కాఫీ హోటల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. పైన ఎండ తగిలి కొండ తెల్లగా మెరుస్తోంది, ఒక్క మబ్బు కూడా లేదు. మబ్బున్నా మనసు సర్దుకునేదాన్ని. ఏడుపొచ్చింది. మంచు పోయిందని కాదు, వాళ్లను తొమ్మిది రోజులు అన్యాయంగా తిట్టుకున్నానని కాదు. నన్ను అమ్మింది మా అన్న అని.

"ఈ చహా నీళ్లలా ఉంది" అంది ఆజీ.

"తాగితే తాగు, లేకపోతే మానెయ్!" అని తెలుగులోనే అరిచాను. ఆమెకేం అర్థమైందో, మొత్తం తాగేసింది.

దిగొచ్చాక సీమా పక్కన కూర్చుని ఫోన్‌లో మంచు అంతా చూపించింది. "చూడండి, మీరు పోయినట్టే ఉంది" అంది. మంచితనంతోనే అంది. నేను చూడలేదు.

ఆ రోజు నుంచి వాళ్లు వంతులు మొదలుపెట్టారు. ఆజీని వాళ్ల గదికి తీసుకుపోయారు, బస్సులో నన్ను ప్రాజక్త పక్కన కూర్చోమన్నారు. ఆస్ట్రియా దారిలో ఒక పూట కూర్చున్నాను. ముందు సీట్లో ఆజీ, "మావ్‌శీ ఏదీ? నా మావ్‌శీని దింపేశారా?" అని ఏడుపు. సీమా ఎంత చెప్పినా వినదు. బస్సులో నలభై మంది నా వైపే చూస్తున్నారు. ప్రాజక్త నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, లేవొద్దని. పది నిమిషాలు ఓర్చుకున్నాను. పదకొండో నిమిషాన లేచిపోయాను. ఇటలీ, వాటికన్ అంతా ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. ఈసారి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎవరిని తిట్టుకోవాలో కూడా తెలియలేదు.

బొంబాయిలో దిగేసరికి అన్న బయట కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వి, నా కన్నా ముందు మంగేష్ దగ్గరికి పోయి చేతులు జోడించాడు.

"మా చెల్లె ఏం తక్లీఫ్ ఇయ్యలేదు కదా సాబ్?"

"తక్లీఫా కాకా! మా అమ్మ క్షేమంగా తిరిగొచ్చిందంటే ఆమె చలవే" అన్నాడు మంగేష్, నా ముఖం చూడలేక చూస్తూ.

ఆజీ నా కొంగు వదల్లేదు. ఒక్కొక్క వేలూ విడదీసి కుర్చీ చేతి మీద పెట్టి వచ్చాను.

టాక్సీలో అన్న వాగుతూనే ఉన్నాడు, చాల్‌లో ఎవరెవరు నన్ను అడిగారో, వదినె ఏం వండిందో. మాహిం దాటాక అడిగాను.

"ఆ ముసలమ్మను నేను సూస్కుంట అని నువ్వే చెప్పినవా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "చెప్పిన."

"ఎందుకు చెప్పినవ్?"

"ఊకెనే ఎవలు సూస్తరే నిన్ను? పరాయి దేశమాయె. అరటిపండ్లకు సూస్తరా అంత దూరం?" అన్నాడు. తప్పు చేసిన గొంతు కాదు, చిన్నపిల్లకు నచ్చజెప్పే గొంతు. "మన తాన ఇయ్యనీకె ఏమున్నది? రెక్కలున్నయ్. రెక్కలే ఇస్తం. తాత ఏమిచ్చిండు ఈ బొంబాయిల? నాయన ఏమిచ్చిండు?"

"ఆ రెక్కలు ఎవలియన్నా?"

"ఎవలియంటే?"

"నాయి గదా. నాయి నువ్వెట్లిస్తవ్?"

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నేను ఒట్టేసి చెబుతున్నాను, నిజంగానే అర్థం కాలేదు. "నీ మంచికే గదనే పెంటీ" అని ఊరుకున్నాడు.

తాత రాళ్లు మోయడానికి ఈ ఊరొచ్చాడు. తలదాచుకోనిచ్చిన ప్రతివాడికీ మా ఇంట్లోవాళ్లు రెక్కలే ఇచ్చారు. అన్న చెప్పింది అబద్ధం కాదు. నాకు మొగుడు పోయి ఇరవై ఏడో ఏట అన్న గుమ్మంలో నిలబడితే, లోపలికి రా అన్నాడు, ఏమీ అడగలేదు. మరునాటి నుంచి ఇంటి పనంతా నేనే అందుకున్నాను. అది నా ప్రేమ అనుకున్నాను ఇన్నాళ్లూ. వాళ్లు అద్దె అనుకున్నారేమో. టాక్సీ భాయ్‌ఖళా దాటేలోపల ముప్పై మూడేళ్లు నా కళ్ల ముందు తిరిగాయి.

గదిలోకి అడుగు పెట్టగానే వదినె, "వచ్చినవా తల్లీ! పదహారు దినాలు నా నడుం ఇర్గిపోయింది" అంది. నా పెట్టెలోంచి చాక్లెట్లు తీసి పంచింది, చాల్ అంతా వచ్చి యూరప్ ఎట్లుందని అడిగింది. మంచు చల్లగా ఉంటదా అని అడిగారు. ఉంటుందన్నాను.

మా చాల్‌లో నీళ్లు పొద్దున అయిదున్నరకు వస్తాయి. కింద పంపు దగ్గర పట్టుకుని రెండంతస్తులు మోయాలి, ఏడు బిందెలు. అందుకే నా పడక ఎప్పుడూ గుమ్మం పక్కన. ముందు లేచేది నేనే కాబట్టి ఎవరినీ దాటాల్సిన పని ఉండదని.

ఆ మరునాడు పొద్దున పంపు చప్పుడు విన్నాను. కింద బిందెలు వరస పెడుతున్నారు. నేను కళ్లు తెరుచుకుని పడుకున్నాను. రెండు చేతులూ చంకల్లో బిగించుకున్నాను, అవి లేస్తాయేమోనని నాకు భయం.

"పెంటీ, నీళ్లొచ్చినయే!" అంది వదినె లోపలి నుంచి.

నేను చేతులు ఇంకా గట్టిగా బిగించుకున్నాను.

"ఏమే, పాణం బాగలేదా? నీళ్లు వోతయ్!"

అన్న లేచాడు. మోకాళ్లు పట్టుకుని లేవడం వినిపించింది. బిందె తీసుకుని నన్ను దాటుకుంటూ పోయాడు, కాలు తగలకుండా జాగ్రత్తగా. మెట్ల మీద ఒక్కో మెట్టుకు ఒక్కో మూలుగు. చాలాసేపటికి తిరిగొచ్చాడు. సగం బిందే. గుమ్మంలో పెట్టి గోడకానుకుని ఆయాసపడుతున్నాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. ముప్పై మూడేళ్ల కింద ఇదే గుమ్మంలో నన్ను లోపలికి రమ్మన్న మనిషి.

వదినె మళ్లీ ఏదో అనబోయింది.

"పండుకోనియ్యే" అన్నాడు అన్న మెల్లగా. "నిన్ననే దిగింది గదా. రేపు లేస్తది."

నేను లేచి కూర్చోలేదు, వాళ్ల వైపు తిరగనూ లేదు. గోడ వైపు తిరిగే చెప్పాను.

"రేపు గూడ లేవనన్నా."

అన్న ఇంకో ఖాళీ బిందె తీసుకుని మళ్లీ నన్ను దాటాడు.